బో లాంటి కెరీర్ కావాలంటున్నాడు మా అబ్బాయి

ప్రశ్న: మాది కాకినాడ. మా అబ్బాయి ఇంటర్ ఫస్టియర్, ఎంపీసీ. బ్యాడ్మింటన్‌లో రాష్ట్ర స్థాయి పోటీలు ఆడుతున్నాడు. సింగిల్స్ వదిలేసి డబుల్స్ మీదే ఉండమని కోచ్ చెప్పారట. ఇప్పుడు చదువు ఒక ఏడాది ఆపేస్తానంటున్నాడు. కాదంటే మన డబుల్స్ జోడీ సాత్విక్–చిరాగ్‌ల కోచ్‌గా పనిచేసిన డెన్మార్క్ ఆటగాడు మథియాస్ బో పేరు చెబుతాడు. "ఆడినన్నాళ్లు ఆడాడు, తర్వాత కోచ్ అయ్యాడు, నేనూ అంతే" అంటాడు. డబుల్స్ నమ్ముకుంటే రేపు బతుకుతెరువు ఉంటుందా? – ఒక తండ్రి

జవాబు: ముందు కోచ్ మాట సంగతి చూద్దాం. డబుల్స్‌కి మారమంటే చాలామంది తల్లిదండ్రులు "మావాడు సింగిల్స్‌కి పనికిరాడన్నారు" అని బాధపడిపోతారు. అలా అనుకోనక్కర్లేదు. సర్వీస్, రిటర్న్, నెట్ దగ్గర చురుకుదనం, ఎదుటివాడు ఎటు కొడతాడో ముందే పట్టేసే తెలివి, పక్కవాడితో పొంతన – ఇవన్నీ సింగిల్స్‌లో పెద్దగా బయటపడవు. ఇవి పిల్లాడిలో కనిపిస్తే మంచి కోచ్ డబుల్స్‌కే పంపుతాడు. మీవాడు చెప్పే బో కూడా అలాంటి ఆటగాడే. ఎడమచేతి వాటం, వేగంగా బల్లపరుపుగా కొట్టే డ్రైవ్‌లు, ముందు కోర్టులో దూకుడు.

మీవాడు ఎంచుకున్న ఉదాహరణ మంచిదే గానీ, అందులో వయసులు చూసుకున్నట్టు లేడు. బో 1980 జులైలో పుట్టాడు. తన జోడీ కార్‌స్టెన్ మొగెన్సన్‌తో కలిసి, బ్యాడ్మింటన్‌లో పేరున్న ఆల్ ఇంగ్లండ్ టోర్నీ మొదటిసారి గెలిచింది 2011లో, 30 ఏళ్ల వయసులో. లండన్ ఒలింపిక్స్‌లో రజతం 32కి. 2013 ప్రపంచ చాంపియన్‌షిప్ రజతం 33కి. 2015లో రెండో ఆల్ ఇంగ్లండ్ 34కి.   36 ఏళ్లప్పుడు యూరోపియన్ టైటిల్. టోక్యో ఒలింపిక్స్ ఏడాది వాయిదా పడ్డాక, 2020 ఏప్రిల్‌లో, 39 ఏళ్లకు ఆట నుంచి తప్పుకున్నాడు.

అంటే పెద్ద పంటంతా 30 దాటాకే. మీవాడికి ఇప్పుడు 16 అనుకుంటే, ఆ లెక్కన ఇంకో పద్నాలుగేళ్లు. అన్నాళ్లూ బూట్లు, రాకెట్లు, షటిల్ ట్యూబులు, ఫిజియో, రైలు టికెట్లు ఎవరు కొనాలి? డెన్మార్క్‌లో దీనికి ఒక ఏర్పాటుంది. దేశ జనాభా దాదాపు 60 లక్షలే, మన హైదరాబాద్ అంత కూడా లేదు. అయినా ఊరూరా క్లబ్బులు, చాలావరకు వాలంటీర్లే నడుపుతారు. జాతీయ జట్టుకి కోపెన్‌హాగన్ పక్కన బ్రాండ్‌బీలో శిక్షణ కేంద్రం ఉంది. యూనివర్సిటీ చదువుకి ఫీజు లేదు, పైగా చదువుకునేవాళ్లకు ప్రభుత్వం నెలనెలా భత్యం ఇస్తుంది. అక్కడ ఆట కుదరకపోయినా పిల్లాడు రోడ్డున పడడు. ఆ భరోసా మనకు లేదు కాబట్టి ఆ పని ఇంట్లోవాళ్లు చేయాలి.

డబ్బు సంగతి కూడా మీవాడితో కూర్చుని లెక్కేయండి. ప్రపంచ బ్యాడ్మింటన్ సమాఖ్య (బీడబ్ల్యూఎఫ్) నడిపే వరల్డ్ టూర్‌లో, కింది స్థాయి టోర్నీల్లో సింగిల్స్ విజేతకు మొత్తం ప్రైజ్‌మనీలో 7.5 శాతం వస్తుంది. డబుల్స్ గెలిచిన జోడీకి 7.9 శాతం, ఇద్దరికీ కలిపి. లక్ష డాలర్ల టోర్నీ అయితే సింగిల్స్ చాంపియన్‌కు 7,500, డబుల్స్‌లో ఒక్కొక్కరికి 3,950. అదీ గెలిస్తే. తొలి రౌండ్లలో ఓడితే చేతి నుంచి పడేదే ఎక్కువ. కాబట్టి డబుల్స్ ఆటగాడికి ఉద్యోగమో, స్పాన్సరో లేకుండా కుదరదు.

ఇక "తర్వాత కోచ్" అన్నమాట. బోకి ఆ పని ఊరికే రాలేదు. 2021 మొదట్లో సాత్విక్–చిరాగ్‌లతో పని మొదలుపెట్టేనాటికి అతని వెనక ఒలింపిక్ పతకం ఉంది, ఒకే భాగస్వామితో పదేళ్లకు పైగా ఆడిన అనుభవం ఉంది. అసలు ఆ ఇద్దరినీ జోడీగా కలిపింది అంతకుముందు మలేసియా నుంచి వచ్చిన కోచ్ టాన్ కిమ్ హెర్. పునాది ఆయనది, సానపెట్టింది బో. టోక్యోలో మనవాళ్లు గ్రూప్ దశలోనే వెనక్కి వచ్చినా, చివరికి స్వర్ణం గెలిచిన తైవాన్ జోడీని ఓడించారు. 2022లో పురుషుల జట్ల పోటీ థామస్ కప్, 2023లో ఏషియన్ గేమ్స్ స్వర్ణం, అదే ఏడాది ప్రపంచ నంబర్ వన్. మీ పక్క ఊరు అమలాపురం కుర్రాడు సాత్విక్ ఇదంతా సాధించాడు కాబట్టి మీవాడికి ఆశ పుట్టడంలో తప్పేం లేదు. కానీ 2024లో పారిస్ ఒలింపిక్స్ క్వార్టర్స్‌లో సాత్విక్ జోడీ ఓడాక, కోచింగ్ నుంచి కూడా తప్పుకుంటున్నానని బోనే ప్రకటించాడు. ఇన్నేళ్లుగా హాల్లోనే గడిచిపోయిందని, కోచ్ పనిలో టెన్షన్ తక్కువేం కాదని, అలసిపోయానని రాశాడు. కోచింగ్‌ని రిటైర్మెంట్ పింఛను లాగా ఊహించుకునే పిల్లలకు ఈ ముక్క చదివించాలి.

ఇప్పుడు మీ ఇంటి సంగతి. నా సలహా: ఇంటర్ ఆపొద్దు, జేఈఈ కోచింగ్ ఆపండి. పొద్దున ఆరు నుంచి రాత్రి పది దాకా స్టడీ అవర్లు పెట్టే రెసిడెన్షియల్ కాలేజీలో ఉంటూ ఎవరూ డబుల్స్ ఆడలేరు. స్టేడియానికి దగ్గర్లో డే స్కాలర్‌గా చేర్చండి. ఎంపీసీ భారమైతే సీఈసీకి మార్చినా నష్టం లేదు. టోర్నీలతో అసలే కుదరకపోతే ఓపెన్ స్కూల్ ఇంటర్ ఉంది. డిగ్రీ మాత్రం చేతిలో ఉండాలి. రేపు పటియాలాలోని జాతీయ క్రీడా సంస్థ (ఎన్‌ఐఎస్)లో కోచింగ్ డిప్లొమా అన్నా, బీపీఎడ్ చేసి డీఎస్సీలో పీఈటీ పోస్టుకి రాయాలన్నా చదువు అడుగుతారు.

రైల్వే, ఆయిల్ కంపెనీలు, ఆదాయపు పన్ను శాఖ స్పోర్ట్స్ కోటాలో తీసుకుంటాయి. అక్కడ పెద్ద ర్యాంకులున్నవాళ్లతో పోటీ. రాష్ట్ర స్థాయి సర్టిఫికెట్ ఒక్కటే చాలదు. గుర్తింపు ఉన్న ఫెడరేషన్ నడిపే టోర్నీ కాకపోతే ఎన్ని కప్పులున్నా ఫైల్లోంచి తీసి పక్కన పెడతారు. అందుకని ఎంట్రీ ఫీజు కట్టేముందే అది భారత బ్యాడ్మింటన్ సంఘం (బాయ్) గుర్తింపు ఉన్న పోటీయా కాదా అడగండి.

అండర్-19 అయిపోయేదాకా గడువు పెట్టుకోండి. ఆలోపు జాతీయ ర్యాంకింగ్ టోర్నీల మెయిన్ డ్రాలో క్వార్టర్స్ దాకా వెళ్తుంటే, అప్పుడు హైదరాబాద్ అకాడమీ గురించి మాట్లాడుకోవచ్చు. వెళ్లలేకపోతున్నాడంటే డిగ్రీ చదువుతూ యూనివర్సిటీ జట్టుకి ఆడతాడు, మెల్లగా కోచింగ్ నేర్చుకుంటాడు. అదీ బతుకుతెరువే.

చివరిగా మీరు అడగని సంగతి ఒకటి. మీవాడితో జోడీగా ఆడే కుర్రాడి అమ్మానాన్నలతో ఈ ఆదివారం కూర్చుని మాట్లాడండి. సెకండియర్‌లో వాళ్లు అతన్ని ఆట మాన్పించేస్తే మీవాడు కొత్త జోడీని వెతుక్కుని మళ్లీ మొదట్నుంచీ సర్దుకోవాలి, ఆ సీజన్ అక్కడితో సరి. వాళ్ల ఆలోచన తెలిశాకే చదువు గురించి ఏదైనా తేల్చుకోండి.