బొడ్డుతాడు మూలకణాలు క్యాన్సర్‌ను నయం చేస్తాయా?

నేరుగా చేయవు. లుకేమియా, లింఫోమా వంటి రక్త క్యాన్సర్లలో, తీవ్రమైన కీమోథెరపీతో ఖాళీ అయిన ఎముక మజ్జను (రక్తకణాలు పుట్టే చోటును) అవి తిరిగి నింపుతాయి. క్యాన్సర్ కణాలను చంపేది ముందుగా కీమో. మిగిలినవాటిని దాత (వేరే బిడ్డ) బొడ్డుతాడు కణాల నుంచి పుట్టిన రోగనిరోధక కణాలు వేటాడతాయి.

చిక్కల్లా పరిమాణంతోనే. రోగి బరువులో కిలోకు కనీసం 2.5 కోట్ల కణాలు కావాలి. 20 కిలోల బిడ్డకు 50 కోట్లు చాలు, ఒక సంచి బొడ్డుతాడు రక్తం సరిపోవచ్చు. 70 కిలోల పెద్దవారికి 175 కోట్లు, అందుకే తరచూ రెండు సంచులు వాడతారు. కణాలు కుదురుకునేసరికి మూడు నాలుగు వారాలు. ఆలోగా ఇన్ఫెక్షన్లతోనే భయం.

దాచిన సొంత బొడ్డుతాడు రక్తమే బిడ్డ లుకేమియాకు మందు అనుకోవడం పొరపాటు. ఆ జన్యులోపం పుట్టుకతోనే అందులో ఉండొచ్చు. పైగా సొంత కణాలు క్యాన్సర్‌ను పరాయిదిగా పోల్చుకోవు.