పాత వెబ్‌సైట్ తీసేసి కొత్తది చేయించాలా, ఉన్నదాన్నే బాగుచేసుకోవాలా?

మీరు అడిగింది ఇదీ: మంగళగిరిలో చేనేత చీరల షాపు. 2012లో నాన్నగారు చేయించిన వెబ్‌సైట్ ఉంది, ఫోన్‌లో సరిగ్గా కనపడదు. ఆర్డర్లు ఎక్కువగా వాట్సాప్‌లోనే వస్తున్నాయి. ఒకతను మొత్తం కొత్తగా చేసిస్తానని లక్షన్నర అడిగాడు. ఇవ్వాలా, లేక వెబ్‌సైట్ సంగతే వదిలేయాలా?

రెండూ వద్దండీ. నేను విజయవాడలో పదిహేనేళ్లుగా ఇదే పని చేస్తున్నాను. చీరలు, పచ్చళ్లు, పూతరేకులు అమ్మే చిన్న షాపుల వెబ్‌సైట్లు బాగుచేస్తాను. నేను చూసినంతలో డిజైన్ పాతబడినందుకు పోయిన బేరాలు తక్కువ. కొనాలని వచ్చినవాళ్లు మధ్యలో ఎక్కడో చిక్కుకుని వెళ్లిపోవడం వల్ల పోయినవే ఎక్కువ. ఎక్కడ చిక్కుకుంటున్నారో చూడకుండా కొత్తది చేయిస్తే అదే చిక్కు కొత్త దాంట్లోకీ వస్తుంది.

మీలాంటి చీరల షాపులోనే ఒకసారి ఇలా చేశాను. చీర కొనడానికి వచ్చిన ఒక టీచరమ్మ గారిని, ఓ పది నిమిషాలు మా సైట్ చూసి పెడతారా అని అడిగాను. ఆవిడది మామూలు ఫోన్, అద్దం మీద చిన్న పగులు. షాపు వైఫై కాకుండా ఆవిడ డేటాతోనే తెరవమన్నాను. తెల్ల పేజీ అలాగే ఉండిపోయింది. ఈలోగా ఆవిడ పక్కనున్న చీర మడత విప్పి అంచు చూసుకున్నారు. కాసేపటికి ఫోటోలు ఒక్కొక్కటిగా దిగడం మొదలైంది. ఆకుపచ్చ నిజాం బోర్డర్ చీర నచ్చి ‘కొనండి’ నొక్కబోయారు. సరిగ్గా అప్పుడే పైన పండగ ఆఫర్ బ్యానర్ లోడై పేజీ మొత్తం కిందికి జారింది. వేలు వేరే చీర మీద పడి వేరే పేజీ తెరుచుకుంది. వెనక్కి వచ్చి మళ్లీ వెతుక్కున్నారు. చివరికి ఆర్డర్ ఫారంలో ఫ్యాక్స్ నంబరు లేకుండా ముందుకు వెళ్లనివ్వలేదు. ఆవిడ నవ్వి ఫోన్ పక్కన పెట్టేశారు. షాపు యజమాని పక్కనే నిలబడి ఇదంతా చూశాడు. ఆ సైట్ ఆయన రోజూ చూసేదే, కానీ ఆఫీసు కంప్యూటర్లో.

ఆ రోజు కనపడినవి మూడే తప్పులు, మూడూ సైట్‌ను కూల్చకుండా సరిచేసినవే. ఫోటోలు కెమెరాలోంచి తీసినవి తీసినట్టే ఎక్కించారు. ఒక్కోటి 4 ఎంబీ, పేజీకి 24 ఫోటోలు, అంటే ఒక్క పేజీకే దాదాపు వంద ఎంబీ. చీర నేత, జరీ బాగా కనపడుతూనే ఒక్కో ఫోటోను 150 కేబీకి తేవచ్చు, వెబ్‌పీ రకంలో సేవ్ చేస్తే సరిపోతుంది. బ్యానర్‌కు ముందే చోటు కేటాయిస్తే పేజీ జారదు. ఫ్యాక్స్ గడి తీసేయడం ఐదు నిమిషాల పని. గూగుల్ వాళ్ల పేజ్‌స్పీడ్ ఇన్‌సైట్స్ ఉచితం, మీ సైట్ అడ్రస్ ఇస్తే మొబైల్‌లో ఎలా ఉందో చెబుతుంది. పేజీలో పెద్ద బొమ్మ రెండున్నర సెకన్లలోపు కనపడితే బాగున్నట్టు లెక్క.

2012లో నాన్నగారు చేసింది తప్పేమీ కాదు. అప్పట్లో ఎక్కువమంది కంప్యూటర్ ముందు కూర్చునే చూసేవారు. ఫోన్‌కు కుదిరే పేజీలకు గూగుల్ మొబైల్ సెర్చ్‌లో ప్రాధాన్యం ఇవ్వడం 2015 ఏప్రిల్‌లో మొదలైంది. మరుసటి ఏడాది సెప్టెంబర్‌లో జియో వచ్చాక చూసేవాళ్లే మారిపోయారు. 2018 జూలై నుంచి హెచ్‌టీటీపీఎస్ (పంపే వివరాలను మధ్యలో ఎవరూ చదవకుండా కాపాడే ఏర్పాటు) లేని సైట్ల పక్కన క్రోమ్ ‘సురక్షితం కాదు’ అని చూపిస్తోంది. డబ్బు కట్టే చోట ఆ మాట కనపడితే ఎవరు కడతారు? దానికి కావాల్సిన సర్టిఫికెట్ లెట్స్ ఎన్‌క్రిప్ట్ వాళ్లు ఉచితంగానే ఇస్తారు, సైట్‌ను ఉంచే చోట్ల, అంటే చాలా హోస్టింగ్‌లలో, ఒక్క నొక్కుతో వస్తుంది. దానికోసం వేలు అడిగితే ఇవ్వకండి.

మీ సైట్లో తెలుగు రాతలు బొమ్మల రూపంలో ఉన్నాయేమో కూడా చూడండి. ఆ రోజుల్లో చాలామంది ‘అను’ అనే పాత రకం తెలుగు ఫాంట్లలో టైప్ చేసి బొమ్మగా పెట్టేవారు. అవే మాటలు యూనికోడ్‌లో, అంటే ఫోన్లూ గూగులూ అక్షరాలుగా చదవగలిగే పద్ధతిలో రాయిస్తే, ‘మంగళగిరి పట్టు చీర’ అని ఫోన్‌తో మాట్లాడి వెతికేవాళ్లకు కూడా మీ పేజీ దొరికే అవకాశం ఉంటుంది. నాకైతే ఇదే అన్నిటికంటే ఇష్టమైన పని. మన మాటలు మన అక్షరాల్లోనే దొరకాలి.

ఇక కొత్తగా చేయించక తప్పని పరిస్థితే వస్తే, పాత పేజీల లింకులు మాత్రం పోనివ్వకండి. 2016లో గోదావరి వైపు ఒక పచ్చళ్ల షాపుకు నేనే సైట్ కొత్తగా చేశాను. చూడముచ్చటగా వచ్చింది, కానీ పేజీల అడ్రస్‌లన్నీ మార్చేశాను. పాత ఆవకాయ పేజీ లింకు దాచుకున్న ఒకాయన డాలస్ నుంచి షాపుకి ఫోన్ చేసి ‘ఏమండీ, షాపు మూసేశారా?’ అని అడిగారట. గూగుల్ నుంచి వచ్చేవాళ్లు కూడా వారం వారం తగ్గిపోయారు. ఆ యజమాని నన్ను ఒక్క మాట కూడా అనలేదు, నాకే నిద్ర పట్టలేదు. రెండు రాత్రులు కూర్చుని పాత లింకులన్నీ పట్టీ రాసుకుని, ఒక్కోదాన్నీ దాని కొత్త పేజీకి 301 రీడైరెక్ట్‌తో (పాత అడ్రస్‌కు వచ్చినవాళ్లను దానంతట అదే కొత్త పేజీకి పంపే ఏర్పాటు) కలిపాను. పరిస్థితి మళ్లీ మామూలుకు రావడానికి నెలలు పట్టింది. మీ దగ్గరకు వచ్చినతన్ని ముందు ఈ పట్టీ అడగండి. అదేంటో తెలియదంటే పని ఇవ్వొద్దు.

అంతకంటే ముందు డొమైన్, అంటే మీ సైట్ అడ్రస్ పేరు, ఎవరి పేరున ఉందో ఇవాళే చూసుకోండి. అప్పట్లో చేసిన కుర్రాడి మెయిల్‌తో రిజిస్టర్ అయి, అతను ఊరు మారి, రెన్యువల్ మెసేజ్ ఎవరికీ అందక పేరు పోగొట్టుకున్న షాపులు నాకు తెలుసు. పోయిన పేరును ఇంకొకరు కొనేస్తే తిరిగి తెచ్చుకోవడం చాలా కష్టం. డొమైన్, హోస్టింగ్ లాగిన్లు మీ మెయిల్, మీ ఫోన్ నంబరు మీదే ఉండాలి.

వాట్సాప్ ఉండగా సైట్ ఎందుకు అనిపించవచ్చు. వేరేవాళ్లు ఇచ్చినది వాళ్లు ఎప్పుడైనా ఆపేయొచ్చు. గూగుల్ వ్యాపారులకు ఉచితంగా ఇచ్చిన చిన్న వెబ్‌సైట్లను 2024 మార్చిలో ఆపేసింది. ఆ అడ్రస్‌నే విజిటింగ్ కార్డు మీద అచ్చు వేయించుకున్నవాళ్లకు అది పనికిరాకుండా పోయింది. సొంత డొమైన్ ఉంటే ఆ భయం లేదు. అలాగని వాట్సాప్‌ను వదులుకోనక్కర్లేదు, రెండూ కలపండి. ప్రతి చీర పేజీలో వాట్సాప్ బటన్ పెట్టించండి. అది నొక్కగానే ‘చీర నంబరు 214 ఉందా?’ అనే మాట ముందే రాసి ఉండాలి, కస్టమర్ పంపడమే తరువాయి. ఏ చీరో చెప్పడానికి స్క్రీన్‌షాట్లు తీసి పంపే బాధ వాళ్లకు తప్పుతుంది, వెతుక్కునే బాధ మీకు తప్పుతుంది. లక్షన్నర సంగతి తర్వాత, ముందు ఈ బటన్, ఫోటోలు కుదించడం, ఈ రెండూ ఎంతకు చేస్తాడో అడగండి.