లైటు దగ్గర వాలిన చిన్న రెక్కల పురుగు కొత్త జాతేనని ఎలా తేలుస్తారు?

మీరు ఆ పురుగు ఫోటో పెట్టి, "ఎక్కడ వెతికినా పోలిక దొరకలేదు, కొత్త జాతిగా ప్రకటించాలంటే ఏం రాయాలి?" అని అడిగారు. రాయడం చివరి పనండీ. ముందు దాని పొట్ట కోయాలి.

వేళాకోళం కాదు. ఎమ్మెస్సీ అగ్రికల్చర్‌లో కీటకశాస్త్రం చదివే రోజుల్లో కాలేజీ పొలం గట్టున తెల్లదుప్పటి కట్టి, మెర్క్యురీ బల్బు వెలిగించి పురుగులు పట్టేవాళ్లం. ఓ రాత్రి రెండు మగ పురుగులు దొరికాయి. ఒకటి బూడిద రంగు, రెండోది గోధుమ రంగు, రెక్క మీద నల్ల చుక్క. రెండూ బియ్యపు గింజంతే. మా రూమ్మేట్ అప్పటికప్పుడే రెండోదానికి వాళ్ల నాయనమ్మ పేరు ఖాయం చేసేశాడు. సార్ ఏమీ అనలేదు. రెండింటి పొట్టలూ తుంచి 10 శాతం కాస్టిక్ పొటాష్‌లో వేసి, వేడినీళ్లలో పెట్టమన్నారు. అందులో కండ, కొవ్వు కరిగిపోయి గట్టి భాగాలే మిగులుతాయి. తర్వాత గ్లిజరిన్ బొట్టులో పెట్టి, సన్న కుంచెతో పొడి దులిపి, సూదులతో జననాంగాలు విడదీయాలి. ఇలాంటి చిన్న పురుగుల్లో జాతిని తేల్చేది రంగు కాదు, వాటి ఆకారమే. ఫ్యాన్ వేస్తే పక్కనున్న రెక్కలు ఎగిరిపోతాయి, ఆపితే చెమట స్లైడు మీద పడుతుంది. ఆ తిప్పలన్నీ పడి మైక్రోస్కోపులో చూస్తే రెండూ అచ్చుగుద్దినట్టు ఒకటే. ఒకే జాతి, రెండు రంగులు. నాయనమ్మ గారికి ఆ యోగం లేకపోయింది.

అప్పట్నుంచీ రంగు చూసి కొత్తదనేవాళ్లను నేను నమ్మను. ఈ విషయంలో ఎడ్వర్డ్ మేరిక్ మీద నాకు పాత కోపం ఉంది. ఇంగ్లండులో బడిపంతులు ఉద్యోగం చేసుకుంటూ, దేశదేశాల నుంచి వచ్చిన చిన్న మాత్‌లకు (సీతాకోకచిలుకల బంధువులైన రాత్రి పురుగులకు) వేలకొద్దీ పేర్లు పెట్టేశాడు, మన దేశపు వాటికి కూడా. ఇవాళ టమాటా తోటల్ని తినేస్తున్న టూటా అబ్సల్యూటాకు 1917లో పేరు పెట్టిందీ ఆయనే. జననాంగాల జోలికి మాత్రం పోలేదు. రెక్కల కొలత, రంగు, మచ్చలు, అంతే. ఆ వర్ణన చదివి మీ పురుగు ఆయన చెప్పినదో కాదో బ్రహ్మదేవుడు కూడా చెప్పలేడు. ఆయన చూసిన అసలు నమూనానే చూడాలి, అవి చాలావరకు లండన్ మ్యూజియంలో ఉన్నాయి. స్టైపెండు కూడా సరిగ్గా రాని కుర్రాడు లండన్ ఎప్పుడు వెళ్లాలి?

పత్రికలవాళ్లూ అంతే. 2017 జనవరిలో వాజ్రిక్ నజారీ అనే శాస్త్రవేత్త ఓ బుల్లి మాత్‌కు నియోపాల్పా డోనాల్డ్‌ట్రంపి అని పేరు పెడితే అందరూ దాని తల మీద ట్రంప్ జుట్టును తలపించే పసుపుపచ్చ పొలుసుల గురించే రాశారు. ఆయన కాలిఫోర్నియాలోని బొహార్ట్ మ్యూజియం నమూనాలు తిరగేసి, జననాంగాలు చూసి, డీఎన్‌ఏ పోల్చి దాన్ని వేరు చేశాడన్న సంగతి ఎవరికి పట్టింది?

సరే, మీ ప్రశ్న. ఒక్క పురుగును ప్రధాన నమూనాగా ఎంచుకోవాలి. దగ్గరి జాతులతో తేడా ఏమిటో, ఎక్కడ ఎప్పుడు దొరికిందో, ఏ మొక్క తింటుందో రాయాలి. ఆన్‌లైన్ జర్నల్‌లో వేస్తే జూబ్యాంక్‌లో (జంతువుల పేర్ల ఆన్‌లైన్ రిజిస్టరులో) నమోదు తప్పనిసరి. నమూనాను ఇంట్లో దాచుకోవడం కుదరదు. 2002 జీవవైవిధ్య చట్టం ప్రకారం జువలాజికల్ సర్వే లాంటి గుర్తింపు పొందిన సంస్థకు తెలియజేసి అక్కడ జమ చేయాలి.

మీ ఫోటోలో మూతి దగ్గర కొమ్ముల్లా పైకి వంగినవి కనిపిస్తున్నాయి కదా, దాన్నిబట్టి అది జెలికిడే అనే చిన్న మాత్‌ల కుటుంబమే, పందెం కాస్తాను. పత్తి కాయల్ని తొలిచే గులాబీ రంగు పురుగుదీ అదే కుటుంబం. మీ ఇంటి పక్కన పత్తిచేను ఉంటే ముందు ఆ రైతుతో లింగాకర్షక బుట్టలు (ఆడ పురుగు వాసనతో మగవాటిని పట్టేవి) పెట్టించండి, పేరు సంగతి తర్వాత చూద్దాం.