ఇన్సులిన్ పంపు ప్రాజెక్టు మానిపించాలా?

గాజువాక నుంచి ఒక తండ్రి అడిగారు: "మావాడిని నేనే ఈఈఈలో చేర్చాను, ఇప్పుడు మూడో ఏడాది. కంట్రోల్ సిస్టమ్స్ సారు మోటార్లు వదిలేసి ఇన్సులిన్ పంపుకి కంట్రోలర్ డిజైన్ చేయమన్నారు. షుగర్ జబ్బుతో వీడికేం పని? మానిపించి మూడు నెలల ఏఐ కోర్సులో చేర్పిస్తే మేలా?"

సార్, మీ టెన్షన్ ప్రాజెక్టు గురించి కాదు, వాడికి ఉద్యోగం వస్తుందా రాదా అని. వస్తుంది, ముందు కాస్త స్థిమితపడండి.

ఆ పంపు సంగతి వినండి. షుగర్ ఎంతుందో చూసి, ఎంత ఇన్సులిన్ వేయాలో తేల్చేది కంట్రోలర్. సెన్సర్ చాలావరకు ఐదు నిమిషాలకోసారి షుగర్ చెబుతుంది, అదీ నేరుగా రక్తంలోది కాదు, చర్మం కింది ద్రవంలోది, కాబట్టి అందే రీడింగు కొన్ని నిమిషాల పాతది. ఇచ్చిన ఇన్సులిన్ జోరందుకోవడానికి గంట దాకా పడుతుంది. ఈలోగా ఇంకా తగ్గలేదని కంట్రోలర్ డోసు మీద డోసు వేసుకుంటూ పోతే, అన్నీ కలిసి షుగర్‌ని 70 కిందికి, అంటే ప్రమాదమయ్యేంత తక్కువకి, పడేస్తాయి. మోటారు స్పీడు పెరిగితే తగ్గించుకోవచ్చు, ఒంట్లోకి వెళ్లిన ఇన్సులిన్‌ని వెనక్కి లాగలేం. ఆలస్యం ఉన్నచోట గెయిన్, అంటే తేడాకి కంట్రోలర్ స్పందించే జోరు, ఎందుకు పెంచకూడదో, పీఐడీ అనే కంట్రోల్ పద్ధతిలో పాత తేడాలన్నీ పోగేసే ఇంటెగ్రల్‌కి ఎందుకు కళ్లెం వేయాలో ఇక్కడ బుర్రకెక్కినట్టు బోర్డు మీద లెక్కలతో ఎక్కదు. 2016లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ అనుమతించిన మొదటి హైబ్రిడ్ పంపులో (కొంత పని తానే, కొంత మనిషి చేసేది) కూడా, ఎంత తింటున్నారో మనిషే చెప్పాలి.

ఏఐ అంటే నాకు పడదని కాదు. మూడు నెలల్లో డేటా సైంటిస్టుని చేస్తామనే కోర్సుల మీదే నమ్మకం లేదు. ఎవరో ఇచ్చిన డేటా మీద రెడీమేడ్ కోడ్ నడిపి సర్టిఫికెట్ తెచ్చుకున్న పిల్లలకి, ఇంటర్వ్యూలో "నీ మోడల్ తప్పు చెబితే ఏమవుతుంది?" అని అడిగితే నోరు పెగలదు. మీవాడు ఆ ప్రశ్నతోనే రోజూ కుస్తీ పడుతున్నాడు. ఏఐ కావాలంటే, భోజనం తర్వాత షుగర్ ఎంత పెరుగుతుందో అంచనా వేసే మోడల్‌ని ఇదే ప్రాజెక్టులో పైథాన్‌తో కట్టమనండి.

వైద్య పరికరాలు తయారయ్యే మెడ్‌టెక్ జోన్ మీకు దగ్గర్లోనే, పెదగంట్యాడ వైపు ఉంది. అక్కడే ఉద్యోగం వచ్చేస్తుందని అనను. కానీ స్టీల్ ప్లాంటు ఫర్నేసుల్లోనూ, రిఫైనరీలోనూ ఉండేది ఇదే ఆలస్యం, కొలిచి సరిదిద్ది మళ్లీ కొలిచే ఇవే లూపులు.

కోపం తెచ్చుకోకండి, ఒక మాట అడుగుతాను. ఇంత రాశారు, వాడికేది ఇష్టమో ఒక్క ముక్క రాయలేదేం? బ్రాంచీ మీరే ఎంచి, ఇప్పుడు ప్రాజెక్టూ మీరే మార్పిస్తే, రేపు ఇంటర్వ్యూలో సొంతంగా నిర్ణయం తీసుకోవడం వాడికెలా వస్తుంది? మానిపించకండి. ఈ ఆదివారం, ఇలాంటివి కంప్యూటర్‌లో నడిపి చూసే సిమ్యులింక్ సాఫ్ట్‌వేర్‌లో గ్రాఫు చూపించమని అడిగి, వాడు చెప్పేది పూర్తిగా వినండి.