నీళ్లు ఏ వైపు వెళ్తాయి? కణం మీద మీ ప్రశ్నలు

ప్రశ్న: బయాలజీ చదువుతున్నానండి. ద్రవాభిసరణ, అంటే పల్చటి పొర గుండా నీరు దాటడం గురించి ఒక చోటేమో నీరు ఎక్కువ గాఢత నుంచి తక్కువ గాఢతకి పోతుందని, ఇంకో చోటేమో తక్కువ నుంచి ఎక్కువకి పోతుందని ఉంది. ఏది రాయాలి?

జవాబు: రెండూ కరెక్టేనండి, గొడవంతా గాఢత అన్నారే గానీ దేని గాఢతో చెప్పకపోవడం వల్లే. మొదటిది నీటి గురించి, రెండోది అందులో కరిగిన ఉప్పో చక్కెరో దాని గురించి. కరిగింది ఎక్కువుంటే అక్కడ నీరు తక్కువున్నట్టే కదా, అందుకని రెండు వాక్యాలూ ఒకే దిక్కు చూపిస్తున్నాయి. నన్నడిగితే గాఢత పక్కన పెట్టేసి నీటి శక్మం (వాటర్ పొటెన్షియల్, నీటికి కదిలే సత్తా ఎంతుందో చెప్పే కొలత) పట్టుకోండి అంటాను. మామూలు పీడనంలో శుద్ధమైన నీటికి అది 0, ఏది కరిగినా మైనస్‌లోకి దిగుతుంది, నీరు ఎప్పుడూ శక్మం ఎక్కువున్న చోటు నుంచి తక్కువున్న చోటికి పోతుంది, అంతే. ఇంకోటి, నీటి అణువులు పొరకి అటూ ఇటూ రెండు వైపులా తిరుగుతూనే ఉంటాయి, ఒక వైపు వెళ్లేవి ఎక్కువైతే దాన్నే మనం నీరు అటు పోయింది అంటాం. సమతుల్యం వచ్చాక కూడా ఈ రాకపోకలు ఆగవు, చాలామంది ఆగిపోతాయని రాసి మార్కులు పోగొట్టుకుంటారు.

వీలైతే ఒక్కసారి కళ్లారా చూడండి. రియో అనే మొక్క ఆకు అడుగున ఊదారంగు పొర ఉంటుంది, దాన్ని సన్నగా ఒలిచి స్లైడ్ మీద నీటి చుక్కలో పెట్టి మైక్రోస్కోప్ కింద చూస్తే గదులు గదులుగా, ఒక్కో గది అంచుల దాకా ఊదారంగుతో కనిపిస్తుంది. ఆ రంగు ఉండేది కణం మధ్యలోని పెద్ద రిక్తికలో, అంటే రసం నిండిన సంచిలో. ఇప్పుడు కవర్‌స్లిప్ ఒక అంచున చిక్కటి ఉప్పు నీటి చుక్క వేసి అవతలి అంచు నుంచి ఫిల్టర్ పేపర్‌తో లాగండి. కాసేపటికి రంగు మూలల దగ్గర గోడని వదిలేయడం మొదలుపెట్టి, మెల్లగా మధ్యలోకి ముడుచుకుంటూ ఇంకా ముదురుగా అవుతుంది, గోడ మాత్రం ఉన్నచోటే ఉంటుంది. గమనించాల్సింది ఏంటంటే నీరు బయటికి పోయింది గానీ రంగు పోలేదు. కణకవచం, అంటే ఆ గోడ, ఉప్పునీ నీటినీ దేన్నీ ఆపదు, ఉప్పుని ఆపేది దాని లోపలున్న పల్చటి ప్లాస్మా పొర, గోడకీ ముడుచుకున్న పొరకీ మధ్య ఖాళీలో ఉన్నది కూడా మీరు పోసిన ఉప్పు నీరే. మరీ ఆలస్యం చెయ్యకుండా మళ్లీ మామూలు నీళ్లు లాగితే కణం తిరిగి నిండుతుంది, అంటే పొర బతికే ఉందని అర్థం.

ప్రశ్న: డ్రిప్‌లో ఉప్పు కలిపిన సెలైన్ ఎందుకు ఎక్కిస్తారు, మామూలు శుద్ధమైన నీళ్లు ఎక్కిస్తే ఏమవుతుంది?

జవాబు: ఎర్ర రక్తకణాలు పగిలిపోతాయండి, ప్రాణం మీదికొస్తుంది. సెలైన్‌లో ఉప్పు 0.9 శాతం, అంటే లీటరుకి 9 గ్రాములు, కణం లోపలి ద్రవానికి ఇది దాదాపు సరిసమానం కాబట్టి నీరు ఎటూ మొగ్గదు. శుద్ధమైన నీళ్లలో వేస్తే ఆ కణంలోకి నీరు తోసుకొచ్చి, మధ్యలో నొక్కినట్టుండే బిళ్ల కాస్తా గుండ్రంగా ఉబ్బి పగులుతుంది, మొక్క కణానికైతే గోడ ఉంది కాబట్టి బిగుసుకుని ఆగుతుంది గానీ దీనికి ఆ రక్షణ లేదు. ల్యాబులో టెస్ట్‌ట్యూబ్‌లో ఇది భలే తెలుస్తుంది, సెలైన్‌లో కలిపిన రక్తం మడ్డిగా ఉండి వెనక పెట్టిన అక్షరాలు కనపడవు, అదే నీళ్లలో కలిపితే కణాలు పగిలి హీమోగ్లోబిన్ బయటికొచ్చి ట్యూబ్ ఎర్రగానే ఉంటుంది కానీ అక్షరాలు చదవచ్చు. ఉప్పు మరీ ఎక్కువైతే దీనికి రివర్స్, కణం ముడుచుకుపోయి అంచులు ముళ్లు ముళ్లుగా తయారవుతాయి.

ప్రశ్న: ప్లాస్మా పొర కొవ్వుతో చేసింది అంటారు కదా, కొవ్వుకీ నీటికీ పడదు, మరి నీరెలా దాటుతుంది?

జవాబు: చాలా మంచి ప్రశ్న, శాస్త్రవేత్తల్ని కూడా ఏళ్ల తరబడి తిప్పలు పెట్టింది ఇదే. కొంత నీరు ఆ కొవ్వు వరసల మధ్యలోంచే మెల్లగా జారుకుంటుంది, కానీ రక్తకణాల్లో, కిడ్నీలో నీరు వెళ్లే స్పీడుకి అది సరిపోదు. పీటర్ ఆగ్రే అనే ఆయన రక్తకణాల్లో ఆర్‌హెచ్ (బ్లడ్ గ్రూపులో పాజిటివ్, నెగటివ్ అనేది దీన్ని బట్టే) ప్రోటీన్ కోసం వెతుకుతుంటే ఇంకేదో ప్రోటీన్ తగిలింది, దాని పనేంటో తేల్చడానికి 1992లో కప్ప అండకణాల్లో దాన్ని తయారయ్యేలా చేశారు. ఆ అండాలు మామూలుగా మంచినీళ్లలో కూడా ఉబ్బకుండా ఉంటాయి, ఈ ప్రోటీన్ ఉన్నవి మాత్రం పల్చటి ద్రావణంలో వెయ్యగానే ఉబ్బి నిమిషాల్లో పగిలాయి. దాని పేరే ఆక్వాపోరిన్, 2003లో కెమిస్ట్రీ నోబెల్‌లో సగం దీనికే వచ్చింది. అణువులు ఒకదాని వెనక ఒకటి దూరేంత సన్నని దారి, అయినా ఒక్కో ఛానల్లోంచి సెకనుకి 300 కోట్ల దాకా పోతాయట, హైడ్రోజన్ అయాన్లని మాత్రం దాటనివ్వదు. అది నాకు అన్నిటికంటే అద్భుతం అనిపిస్తుంది.

ప్రశ్న: అయితే కణం నీటిని పంప్ చేసుకుంటుందన్నమాట?

జవాబు: లేదండి, ఆక్వాపోరిన్ తలుపే గానీ పంప్ కాదు, నీరు రెండు వైపులా పోవచ్చు, కణానికి ఇంధనం లాంటి ఏటీపీ ఖర్చు లేదు. కణం శక్తి పెట్టి కదిలించేది లవణాల్ని, నీరు వాటి వెంట పోతుంది. మన కణాల్లో సోడియం పొటాషియం పంప్ ఒక్కో విడతకి 3 సోడియంలని బయటికి నెట్టి 2 పొటాషియంలని లోపలికి తెస్తుంది, అది ఆగితే కణం ఉబ్బుతుంది. మంచినీళ్లలో ఉండే ఒకే కణం ఉన్న జీవి పారమీషియం కూడా అంతే, సంకోచ రిక్తికలోకి అయాన్లని తోస్తే నీరు దాని వెనకే చేరుతుంది, నిండగానే బయటికి వదిలేసి మళ్లీ మొదలుపెడుతుంది.