కాలి వాపు తగ్గింది కదా, రక్తం పల్చబరిచే మందు ఆపేయొచ్చా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదీ: నాన్నగారికి 64 ఏళ్లు, పెద్దపేగు క్యాన్సర్. ఇంకా ఆపరేషన్ కాలేదు, కేపెసిటబైన్ అనే కీమో మాత్రలు వాడుతున్నారు. మధ్యలో ఎడమ కాల్లో రక్తం గడ్డకట్టిందని బ్లడ్ థిన్నర్ మొదలుపెట్టారు. మూడు వారాలకి వాపు తగ్గింది. కీమోలో ఉన్న మనిషికి రక్తం పల్చబరిస్తే ఇంకేమైనా ఉందా అని బంధువులు భయపెడుతున్నారు. ఆపేయొచ్చా అని అడిగారు.

నేను డాక్టర్ని కాదు. మా అమ్మకి అండాశయ క్యాన్సర్. 14 నెలలుగా రక్తం పల్చబరిచే మందు రోజూ తనకి ఇస్తున్నది నేనే. ఆ అనుభవంతో చెప్తున్నా, మీ అంతట మీరు ఆపకండి. వాపు తగ్గిందంటే మందు పనిచేస్తోందని. ఈ మందు గడ్డని కరిగించదట, పెరగకుండా, కొత్తది రాకుండా పట్టి ఉంచుతుందట. కరిగించుకునే పని శరీరమే నెమ్మదిగా చేసుకుంటుంది. మధ్యలో వదిలేస్తే ఆ గడ్డలో ముక్క తెగి ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు, అది ప్రాణాల మీదకి వస్తుంది. మామూలుగా తక్కువలో తక్కువ మూడు నుంచి ఆరు నెలలు వాడమంటారు. క్యాన్సర్ ఇంకా ఉన్నా, చికిత్స నడుస్తున్నా ఆ తర్వాతా కొనసాగిస్తారు.

సగం గొడవ మన మాటల్లోనే ఉందనిపిస్తుంది నాకు. అమ్మకి డాప్లర్ స్కాన్ (రక్తనాళాల్లో రక్తం ఎలా పారుతోందో చూసేది) చేసి "కాల్లో గడ్డ ఉందమ్మా" అన్నారు. కడుపులో ఉన్నదీ గడ్డే, కాల్లో ఉన్నదీ గడ్డే! క్యాన్సర్ కాలికి పాకిందనుకుని అమ్మ ఆ రాత్రంతా ఏడ్చింది. అది రక్తం పేరుకున్న గడ్డ, వేరే సంగతి అని తెల్లారి డ్యూటీ డాక్టరు బొమ్మ గీసి చూపిస్తే గానీ కుదుటపడలేదు. క్యాన్సర్ ఉన్నవాళ్ల రక్తానికి గడ్డకట్టే గుణం ఎక్కువట. కణితి నుంచే అలాంటి పదార్థాలు రక్తంలోకి వస్తాయట. దానికి కీమో, మంచం పట్టి ఉండటం తోడవుతాయి.

రెండో తంటా "పల్చబడటం". రక్తం నీళ్లైపోతుంది, బలం పోతుంది అనుకుని మా పిన్ని రోజూ బీట్‌రూట్ రసం తాగించింది. నాలుగో రోజు మూత్రం ఎర్రగా వచ్చింది. ఇల్లంతా ఒకటే టెన్షన్. ఆస్పత్రికి పరుగెత్తి పరీక్ష చేయిస్తే రక్తం లేదు, బీట్‌రూట్ రంగు! నిజానికి ఈ మందుతో రక్తం పల్చబడదు, గడ్డకట్టడానికి పట్టే టైము పెరుగుతుంది, అంతే. మీ బంధువులకి ఈ ముక్క చెప్పి చూడండి.

అలాగని వాళ్ల భయం వట్టిదని అనను. బ్లీడింగ్ ముప్పు ఉంది. మాకు మొదట ఇనాక్సాపారిన్ ఇంజెక్షన్లు ఇచ్చారు. అమ్మ బరువు 58 కిలోలు, అందుకని 60 మిల్లీగ్రాములు, పన్నెండు గంటలకొకటి. పొట్ట మీద బొడ్డుకి రెండంగుళాల దూరంలో చర్మాన్ని చిటికెలా పట్టి, సూది నిలువుగా గుచ్చి, మందంతా దిగేదాకా చర్మం వదలకుండా ఇవ్వాలి. ఒకపూట కుడివైపు, ఒకపూట ఎడమవైపు. సిరంజిలో ఉండే చిన్న గాలిబుడగని బయటికి నొక్కకూడదని, ఇచ్చాక రుద్దకూడదని నర్సు చెప్పింది. మొదటి వారం నేను ప్రేమగా రుద్దేదాన్ని. పొట్ట నిండా నేరేడుపండు రంగు మచ్చలు.

అసలు కన్నేసి ఉంచాల్సింది ప్లేట్‌లెట్ల మీద, అంటే రక్తం గడ్డకట్టి ఆగేలా చేసే కణాల మీద. కీమోతో అవి పడిపోతాయి, అదే సమయంలో ఈ మందూ ఉంటే రక్తం ఆగదు. మూడో నెలలో మా రిపోర్టులో 0.41 లక్షలు అని వచ్చింది, అంటే 41 వేలు. మా డాక్టరు లెక్క ఏమిటంటే 50 వేల పైన ఉంటే పూర్తి డోసు, 25 నుంచి 50 వేల మధ్య సగం, ఇంకా పడితే ఆపడం. అప్పుడు సగం చేశారు, వారం తర్వాత కౌంట్ పెరిగాక మళ్లీ పూర్తి డోసు. ఈ తగ్గించడం, పెంచడం మాత్రం ఎప్పుడూ వాళ్లే చెప్పాలి. కొత్త గడ్డకి తొలి నెలలో లెక్క వేరుగా ఉంటుంది, మీ నాన్నగారు ఆ నెలలోనే ఉన్నారు. ప్రతి కీమోకి ముందు రక్తపరీక్ష కాగితం చూపించి "ఈ కౌంట్‌కి థిన్నర్ ఇదే డోసా?" అని నోరు తెరిచి అడగండి. నేను అడగకపోయి ఉంటే ఆ 41 వేల రోజున కూడా పూర్తి ఇంజెక్షన్ ఇచ్చేసేదాన్ని. కీమో రాసినాయన ఒకరు, థిన్నర్ రాసినాయన ఇంకొకరు, ఇద్దరి చీటీలూ కలిసి ఉండేది మన సంచిలోనే.

మాకు దెబ్బ తగిలింది మాత్రం వేరే చోట. నాలుగో కీమో తర్వాత తెనాలి దగ్గర మా ఊళ్లో శుభకార్యానికి అమ్మ వెళ్లింది. కీమో తాలూకు ఒళ్లు నొప్పులు. నాన్న ఆర్ఎంపీ గారిని పిలిపించారు, ఆయన నొప్పి సూది వేశారు, అదీ పిరుదులోకి. థిన్నర్ సంగతి ఎవరూ చెప్పలేదు, ఆయన అడగలేదు. రెండో రోజుకి అరచేతి వెడల్పున నల్లగా గట్టిగా ఉబ్బింది. హిమోగ్లోబిన్ పడిపోయింది, ఐదో కీమో పది రోజులు వెనక్కి పోయింది. డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ లాంటి నొప్పి మందులు థిన్నర్‌తో కలిస్తే బ్లీడింగ్ పెరుగుతుంది. పైగా కండలోకి సూది. ఇప్పుడు అమ్మ పర్సులో ఒక కార్డు ఉంది: "నేను రక్తం గడ్డకట్టకుండా మందు వాడుతున్నాను. కండకి ఇంజెక్షన్ వద్దు." మందు పేరు, డోసు, నా నంబరు కింద రాశాను. నొప్పికీ జ్వరానికీ పారాసిటమాల్ వేసుకోవచ్చు కదా అనుకుంటారు, కానీ కీమోలో జ్వరం వస్తే ముందు ఆస్పత్రికి ఫోన్ చేయాలి. మాత్ర వేసి జ్వరాన్ని దాచేయకూడదు.

తర్వాత ఇంజెక్షన్ మాని అపిక్సబాన్ మాత్రకి మార్చారు, 5 మిల్లీగ్రాములు రోజుకి రెండుసార్లు. అమ్మ పొట్టకి విముక్తి దొరికింది. అమ్మకి కుదిరింది కదా అని మీరు నేరుగా మాత్రలు కావాలని పట్టుబట్టకండి. పేగులో కణితి ఇంకా అలాగే ఉన్నప్పుడు కొన్ని మాత్రలతో అక్కడి నుంచి రక్తం పోవడం ఎక్కువట, అందుకని ఇలాంటివాళ్లకి ఇంజెక్షనే మేలనుకునే డాక్టర్లు ఉన్నారు. వాంతులు ఎక్కువగా ఉన్నా మాత్ర ఒంట్లో నిలవదు. ఆపరేషన్ తేదీ వస్తే థిన్నర్ ఎప్పుడు ఆపాలో, మళ్లీ ఎప్పుడు మొదలుపెట్టాలో సర్జన్‌తో కాగితం మీద రాయించుకోండి.

విరోచనం తారులా నల్లగా, జిగటగా వస్తే ఆగకుండా వెళ్లాలి. (ఐరన్ మాత్రలు వాడుతుంటే కూడా నల్లగా వస్తుంది. ఆయన వాడుతున్నారేమో గుర్తుంచుకుని డాక్టరుకి చెప్పండి.) ముక్కు నుంచి రక్తం పావుగంట నొక్కి పట్టినా ఆగకపోయినా, తలకి దెబ్బ తగిలినా అంతే, పైకి గాయం కనిపించకపోయినా సరే. ఉన్నట్టుండి ఆయాసం, ఛాతీలో నొప్పి వస్తే అది బ్లీడింగ్ కాదు, గడ్డ కదిలిందేమో చూడాలి. అర్ధరాత్రైనా 108కి ఫోన్ చేయండి.

ఒక్కటి మీరు రాయలేదు, ఇచ్చిన థిన్నర్ పేరేమిటో. వెళ్లి అట్ట చూడండి. దాని మీద వార్ఫరిన్ అనో అసెనోకౌమరాల్ అనో ఉంటే రేపటిదాకా ఆగకుండా క్యాన్సర్ డాక్టరుకి ఫోన్ చేయండి. కేపెసిటబైన్‌తో కలిస్తే వాటి ప్రభావం బాగా పెరిగిపోతుంది, ఐఎన్ఆర్ పరీక్ష (రక్తం గడ్డకట్టడానికి ఎంత టైము పడుతోందో చూసేది) మామూలు కంటే తరచుగా చేయించాలి, లేదా మందే మార్చాలి. వేరే పేరు ఉంటే ఇక్కడ రాయండి, మేం వాడినదే అయితే నాకు తెలిసింది చెప్తాను.