అమ్మానాన్నలతో జపాన్: టోక్యో, క్యోటోలతోపాటు ఏ దీవి చూడాలి?

మీ ప్రశ్న ఇదీ కదండీ: నవంబరు రెండో సగంలో పది రోజులు, మీరిద్దరూ, అరవై దాటిన అమ్మానాన్నలూ. పెద్దవాళ్లు శుద్ధ శాకాహారులు. టోక్యో, క్యోటో ఎలాగూ చూస్తారు, ఒక దీవి కూడా చూడాలని ఉంది, అందుకు ఒకినావా వెళ్లాలా అని. నేను టోక్యోలో ఉద్యోగం చేస్తూ ఇక్కడే ఉంటున్నాను. ఊరి నుంచి మావాళ్లు ఎవరొచ్చినా తిప్పి చూపించే పని నాదే. అలా తెలిసింది చెప్తాను.

ఒకినావాని ఈసారికి వదిలేయండి. చాలా మంచి చోటు, కానీ టోక్యో నుంచి అక్కడి నాహా నగరానికి విమానంలోనే మూడు గంటల దాకా పడుతుంది. రానుపోను ప్రయాణాలు, ఎయిర్‌పోర్టుల్లో ఎదురుచూపులు కలిపితే మీ పది రోజుల్లో రెండు దానికే పోతాయి. అది విడిగా ఒక వారం పెట్టుకుని వెళ్లాల్సిన చోటు.

మావాళ్లకి నేను చూపించేవి మూడు చిన్న దీవులు: ఎనోషిమా, చికుబుషిమా, మియాజిమా. మూడూ సరస్వతీ క్షేత్రాలే. మన సరస్వతి బౌద్ధంతోపాటు చైనా మీదుగా ఇక్కడికి చేరి బెంజైటెన్ అనే పేరుతో పూజలందుకుంటోంది. చేతిలో వీణ ఉండాల్సిన చోట బీవా అనే తంత్రీవాద్యం ఉంటుంది, గుడి ఎక్కువగా నీళ్ల పక్కనే ఉంటుంది. దేశంలో ముఖ్యమైన మూడు బెంజైటెన్ క్షేత్రాలంటే వీటినే చెప్తారు. మీకు కలిసొచ్చే సంగతి ఏమిటంటే, మొదటిది టోక్యోకి దగ్గర, రెండోది క్యోటోకి దగ్గర, మూడోది హిరోషిమా పక్కనే. పెద్దవాళ్లకి వరసగా గుళ్లు చూపిస్తే రెండో రోజుకే అన్నీ ఒకేలా ఉన్నాయంటారు. ఇది మన అమ్మవారే అని చెప్పి తీసుకెళ్తే ఆ చూపే వేరు.

ఎనోషిమాకి షింజుకు నుంచి ఒడాక్యూ లైన్ రైలులో గంట, గంటంబావు. స్టేషన్ దిగి వంతెన మీద పది నిమిషాలు నడిస్తే దీవిలో ఉంటారు. కొండ మీద గుడులకి మెట్లు చాలానే ఉన్నాయి కానీ, టికెట్ కొనుక్కుంటే పైకి ఎస్కలేటర్లు ఉన్నాయి. 1959 నుంచీ నడుస్తున్నాయి. కిందికి మాత్రం మెట్లు దిగాల్సిందే, మోకాళ్ల నొప్పులుంటే ఇది ముందే లెక్కలో పెట్టుకోండి. హెత్సుమియా గుడి పక్కన ఎనిమిది మూలల చిన్న మందిరం ఉంటుంది. విడిగా చిన్న రుసుము కట్టాలి కాబట్టి చాలామంది చూడకుండానే ముందుకెళ్లిపోతారు. మీరు తప్పకుండా లోపలికి వెళ్లండి. తెల్లటి అమ్మవారు బీవా వాయిస్తూ కూర్చుని ఉంటుంది, ఇంకో విగ్రహానికి ఎనిమిది చేతులు, వాటిలో ఆయుధాలు. మా అమ్మ ఆ రెండో విగ్రహం ముందు చాలాసేపు నిలబడి, "సరస్వతి అన్నావు, దుర్గమ్మలా ఉందేమిట్రా" అంది. బయట ఆరుబయట మాత్రం ఏమీ తినకండి. అక్కడి గద్దలు వెనకనుంచి వచ్చి చేతిలోది తన్నుకుపోతాయి. పొద్దున్నే వెళ్తే ఆకాశం తేటగా ఉన్న రోజు ఫుజి కనిపిస్తుంది. తిరుగు దారిలో ఎనోడెన్ రైలెక్కి హసేలో దిగితే కామకురా పెద్ద కంచు బుద్ధుడు. రోజంతా ఈ రెండే పెట్టుకోండి.

చికుబుషిమా గురించి మనవాళ్లలో ఎక్కువమందికి తెలియదు, నాకు మూడింటిలో ఇదే ఎక్కువ ఇష్టం. బీవా సరస్సు మధ్యలో చిన్న అడవి దీవి, గుడి తప్ప ఊరు లేదు. క్యోటో నుంచి నగహమాకి నేరుగా వెళ్లే రైలులో గంట పైన, స్టేషన్ నుంచి రేవుకి పది నిమిషాల నడక, అక్కడినుంచి పడవలో అరగంట. దిగగానే ఎదురుగా నూట అరవైకి పైగా నిటారు రాతిమెట్లు, అవి ఎక్కితేనే హోగోన్‌జి ఆలయం. 724లో కట్టారని స్థలపురాణం. నాన్నగారు మెట్లెక్కలేకపోతే రేవు దగ్గరే కూర్చోబెట్టడం మేలు, తిరుగు పడవకి గంటంబావు టైమే ఉంటుంది కాబట్టి తొందరలో ఎక్కించొద్దు. దీవి మీదున్న షింటో (జపాన్ సొంత సంప్రదాయ మతం) గుడిలో రెండు చిన్న మట్టి పళ్లేలు అమ్ముతారు. ఒకదాని మీద మన పేరు, ఇంకోదాని మీద కోరిక రాసి, కింద సరస్సు ఒడ్డున ఉన్న తోరణం (షింటో గుడి ముందుండే పెద్ద ద్వారం, టోరీ అంటారు) మధ్యలోంచి పడేలా విసరాలి. తోరణం చుట్టూ నేల కనిపించనన్ని పెంకులుంటాయి. చెయ్యి ఒంచి, పళ్లేన్ని అడ్డంగా, నెమ్మదిగా వదలండి. బలంగా విసిరితే పక్కకి పోతుంది. చలికాలంలో పడవలు తగ్గుతాయి, గాలి ఎక్కువైతే ఆపేస్తారు, అందుకని బయల్దేరే రోజు పొద్దున పడవల కంపెనీ సైట్ చూసుకోండి. క్యోటోలో ఈ దీవికి ఒకే రోజు కేటాయించకుండా, ఇంకో రోజుకి మార్చుకునే వీలుంచుకోండి.

మియాజిమాలో మాత్రం ఒక రాత్రి ఉండండి, ఈ జవాబులో గట్టిగా చెప్పేది ఇదొక్కటే. ఎక్కువమంది హిరోషిమా నుంచి పొద్దున వచ్చి సాయంత్రం వెళ్లిపోతారు. నవంబరు చివర్లో ఐదింటికల్లా చీకటి పడుతుంది, ఆ తర్వాత జింకలు, నీళ్లలో దీపకాంతిలో ఇత్సుకుషిమా గుడి ఎర్ర తోరణం, కొద్దిమంది మనుషులు, అంతే. ఇప్పుడున్న తోరణం 1875లో నిలబెట్టింది. పునాదిలో పాతలేదు, తన బరువుతోనే నిలబడి ఉంది. పోటు వేళ నీళ్లలో తేలుతున్నట్టుంటుంది, ఆటు వేళ దాని కిందిదాకా నడిచి వెళ్లొచ్చు. ఆటుపోట్ల టైములు ఆన్‌లైన్‌లో ముందే దొరుకుతాయి. రాత్రి ఉంటే రెండూ చూడొచ్చు. ఇక్కడి బెంజైటెన్ ఆ గుడి పక్కనున్న దైగన్‌జి ఆలయంలో ఉంది కానీ, మూల విగ్రహాన్ని ఏడాదికి ఒక్కసారి, జూన్ 17న మాత్రమే చూపిస్తారు. మీకు దర్శనం దొరకదని అమ్మానాన్నలకి ముందే చెప్పండి. బదులుగా దైషోయిన్ అనే బౌద్ధాలయానికి తీసుకెళ్లండి, మెట్ల పక్కన వరసగా ఉన్న మంత్రచక్రాలు తిప్పుకుంటూ ఎక్కొచ్చు. హిరోషిమా శాంతి మ్యూజియం వెళ్లేటట్టయితే అదే రోజు ఇంకేమీ పెట్టుకోవద్దు. చూసి వచ్చాక ఎవరికీ తిరగాలనిపించదు.

టోక్యోలో నాలుగు రాత్రులు, క్యోటోలో నాలుగు, మియాజిమాలో ఒకటి వేసుకుంటే సరిపోతుంది. టోక్యోలో దిగి ఒసాకా దగ్గరి కన్సాయ్ ఎయిర్‌పోర్టు నుంచి వెనక్కి వెళ్లేలా టికెట్లు చూడండి. అందరూ చెప్పే జెఆర్ పాస్ (జపాన్ రైల్వే రైళ్లలో దేశమంతా తిరిగే టికెట్) మీకు దండగ. 2023 అక్టోబరులో ఏడు రోజుల పాస్ 29,650 నుంచి 50,000 యెన్‌లకి పెరిగింది. టోక్యో నుంచి క్యోటోకి నొజోమి అనే బుల్లెట్ రైలు టికెట్ 14 వేల చిల్లర, అది విడిగా కొనండి. క్యోటో నుంచి అవతలికి కన్సాయ్-హిరోషిమా అని ఐదు రోజుల పాస్ ఉంది, హిరోషిమా రానుపోను టికెట్ల కంటే చవక, మియాజిమా జెఆర్ ఫెర్రీ కూడా అందులోనే. ఒక మెలిక ఉంది: క్యోటో, షిన్-ఒసాకాల మధ్య బుల్లెట్ రైలుకి అది చెల్లదు. షిన్-ఒసాకా దాకా మామూలు రైలులో వెళ్లి అక్కడ ఎక్కాలి, అరగంటే.

పెద్ద సూట్‌కేసులు మీరు మోయకండి. హోటల్ కౌంటర్‌లో ఇస్తే కొరియర్‌లో మర్నాటికి క్యోటో హోటల్‌కి చేరతాయి. ఇక్కడివాళ్లే అలా పంపించుకుంటారు. మియాజిమాకి ఒక్క చేతిసంచీ చాలు.

ఇక తిండి. అసలు టెన్షన్ ఇదే అని నాకు తెలుసు. కూరగాయలతో చేసిన ఉడోన్ (లావు గోధుమ నూడుల్స్) అని ఉన్నా, ఆ చారు ఎండు చేప ముక్కలు మరిగించి తీసిన నీళ్లతోనే చేస్తారు. "మాంసం లేదు" అని వాళ్లు చెప్పేది అబద్ధం కాదు, చేపని వాళ్లు ఆ లెక్కలో వేసుకోరు. కాబట్టి చేప, చేప నీళ్లు, మాంసం, గుడ్డు వద్దు అని జపనీస్‌లో రాసిన కాగితం ఫోన్‌లో ఉంచుకుని చూపించండి. నగరాల్లో ఇండియన్ రెస్టారెంట్లు కావలసినన్ని. ఇబ్బందల్లా దీవుల్లోనే. అందుకు మా ఇంటి పద్ధతి: ఏ కన్వీనియన్స్ స్టోర్‌లో అయినా వండిన తెల్లన్నం ప్యాకెట్లు దొరుకుతాయి, అడిగితే వాళ్లే వేడి చేసిస్తారు. చక్కెర లేని పెరుగు డబ్బా కూడా అక్కడే. ఇంటి నుంచి ఆవకాయ, కందిపొడి తెచ్చుకుంటే పెరుగన్నంతో ఎంతటి దీవిలోనైనా పూట గడుస్తుంది. కరివేపాకు, పండ్లు లాంటి పచ్చివి మాత్రం తేవద్దు, ఎయిర్‌పోర్టులో తీసేసుకుంటారు.

తేదీలు ఖాయం కాగానే ముందు మియాజిమా గది బుక్ చేయండి. దీవిలో సత్రాలు తక్కువ, మేపుల్ ఆకులు ఎర్రబడే ఆ వారాల్లో శని, ఆదివారాలు దొరకడం కష్టం, సోమ, మంగళవారాలకి మార్చుకుంటే రేటూ తగ్గుతుంది. ఆ గది తేదీని బట్టి క్యోటో, టోక్యో హోటళ్లు సర్దుకోండి.